ఇంగ్లాండు పెట్టిన టోపీ

'టోపీ సారు ఇక లేరు' అని జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్ల వార్త వచ్చింది. పైన బోరుబావుల ప్రకటన, పక్కన మదనపల్లె టమోటా ధరలు, మధ్యలో తపాలా బిళ్ళంత ఫోటో. పుంగనూరు హైస్కూల్లో ఏళ్ళ తరబడి డ్రిల్లు మాస్టారుగా పనిచేశారనీ, కుప్పంలో కూతురి ఇంట్లో కన్నుమూశారనీ, 'టోపీ సారు'గా అందరికీ సుపరిచితులనీ రాశారు. రాసినతను కుప్పం విలేకరి. నాకు పరిచయం లేదు. ఎవరో చెప్పిన పేరు రాసుకున్నాడు, అతని తప్పేమీ లేదు. ఆ పేరు పుట్టించింది నేను.

అసలు పేరు ఆ వార్తలో బ్రాకెట్లో ఉంది. నేను మాత్రం ఇక్కడ రాయడం లేదు. ఆయన పేరును ఒకసారి పేపరుకెక్కించి ఏం చేశానో చెప్తాను. అది విన్నాక ఎందుకు రాయలేదని మీరు అడగరు.

తమాషా ఏమిటంటే, నేను చూసినంత కాలంలో ఆ మనిషి నెత్తిన టోపీ ఎరగడు. మే నెల ఎండలో, గ్రౌండులో గడ్డిపరక కూడా మిగలనప్పుడు, బట్టతల నిగనిగలాడిస్తూ నిలబడేవాడు. తుండుగుడ్డ భుజాన ఉండేది, తలకు చుట్టుకునేవాడు కాదు. జెండా పండుగ నాడు స్కౌటు పిల్లలూ, వాళ్ళ మాస్టారూ టోపీలతో మెరిసిపోతుంటే ఈయన ఒక్కడే బోడితలతో సెల్యూట్ కొట్టేవాడు. రిటైరైన రోజు స్టాఫు అంతా కలిసి శాలువా కప్పి, కోలారు నుంచి తెప్పించిన మైసూరు పేటా తలకు పెట్టబోతే, దాన్ని రెండు చేతులా అందుకుని గుండెకు ఆనించుకుని సభ అయ్యేదాకా అట్లాగే కూర్చున్నాడు. హెడ్మాస్టారికి కోపం వచ్చింది. ఈయనకు పొగరు అని అందరూ అనుకున్నారు.

ఎవరైనా అడిగితే అరచెయ్యి నడినెత్తిన పెట్టుకుని ఒకే మాట అనేవాడు. "టోపీ అనేది కొనుక్కునేది కాదప్పా. ఒకరు పెట్టాల."

మేం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం. టోపీ పెట్టడమంటే మా ఊళ్ళో ఏమిటో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. చీటీలు కట్టించుకుని పారిపోయినవాడు టోపీ పెట్టాడు. కల్తీ విత్తనాలమ్మినవాడు టోపీ పెట్టాడు. ఈయనేమో ఎవరో వచ్చి పెట్టాలని ఎదురు చూస్తున్నాడు.

ఆయన ఫుట్‌బాల్ గ్రౌండు సంగతి చెప్పాలి. చెప్పులు బయట విడిచి వచ్చేవాడు. సున్నపు గీత మీద కాలు పెట్టేవాడు కాదు, మోకాలు నొప్పి ఉన్నా ఎత్తి దాటేవాడు. మేం తొక్కితే విజిల్ రెండుసార్లు పొట్టిగా ఊదేవాడు. తిట్టినా కొట్టినా అంతా ఆ విజిల్లోనే. "బంతి నీ ఇంట్లోది కాదు నాయనా, వదులు." "కాలు యాల సూసుకుంటావు, యాడికీ పోదు. పక్కనోని సూడు." ఊరంతా క్రికెట్టు పిచ్చిలో పడి కొబ్బరిమట్టలు బ్యాట్లు చేసుకుంటున్న రోజుల్లో కూడా ఆయన గోల్‌పోస్టులకు ప్రతి ఏడాదీ తెల్లరంగు వేయించేవాడు.

నన్ను ఒక్కనాడు కూడా జట్టులోకి తీసుకోలేదు. సున్నం బకెట్టు నా చేతికిచ్చాడు. నాలుగేళ్ళు గీతలు గీశాను. అది నా మనసులో ఎంతగా ఉండిపోయిందో అప్పట్లో నాకే తెలియదు.

ఆట అయ్యాక ఉడకేసిన శనక్కాయలు తలా గుప్పెడు పంచి దొర కథ మొదలుపెట్టేవాడు. ఈయన కుర్రతనంలో మదనపల్లెలో మిషన్ వాళ్ళ హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. ఆ హాస్టలుకు వార్డెన్ ఒక ఇంగ్లీషు దొర. ఇంగ్లాండులో బొగ్గుగని పల్లెలో పుట్టినవాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక పగలు గనిలో దిగుతూ శనివారం పూట బంతి ఆడి, ఆడి, పెద్ద జట్టులో చేరాడు. లెఫ్ట్ హాఫ్, అంటే మధ్య వరసలో ఎడమ పక్క ఆడేవాడు. ఆ కాలపు బంతికి తోలు పైన లేసు కుట్టేవారట. వానలో తడిస్తే గుండ్రాయంత బరువు. తలతో కొడితే లేసు నుదుటికి కోసుకునేది. "మా దొర నొసట నామం మాదిరి గీత ఉండె. యా దేవుడు పెట్టినాడు దొరా అంటే, ఫుట్‌బాల్ దేవుడు అనేవాడు." తర్వాత ఏదో చలికాలంలో మోకాలు చిప్ప పగిలింది. జట్టువాళ్ళు పొమ్మన్నారు. గనిలో దిగడానికీ కాలు పనికిరాదు. చర్చివాళ్ళను పట్టుకుని ఓడ ఎక్కి, మదనపల్లెలో తేలాడు. వంటమనిషి దగ్గర తెలుగు నేర్చుకున్నాడు గనక ఆయన తెలుగు అచ్చం మన తెలుగే. కర్ర మీద వాలి నిలబడి, "ఏమప్పా, యాల నిలబడుకోనుండావు, పరిగెత్తు!" అని అరిచేవాడట. ఈ అరుపును సారు దొర గొంతుతో చేసి చూపిస్తే మాకు కడుపు చెక్కలయ్యేది.

చదువు ఏదో అయిందనిపించి, తొంభైల్లో పుంగనూరు బస్టాండు రోడ్డులో ఎస్టీడీ బూతు పెట్టాను. జిల్లా పేపర్లు కొత్తగా మొదలైన రోజులు. ఊరి వార్తలు రాసే పని కూడా దొరికింది. కొళాయిల దగ్గర కొట్లాటలు, దొంగ నంది విగ్రహాలు, రెండు తలల దూడ. వాటిలో ఎగతాళి కలిపి రాస్తే నా పేరుతో వేసేవారు. పది మంది బూతుకు వచ్చి "ఏం రాసినావప్పా!" అంటుంటే నాకు నేలమీద కాళ్ళు ఆనేవి కావు.

ఒక ఉదయం సారు బూతుకు వచ్చాడు. అప్పటికి రిటైరై పదేళ్ళు దాటింది. ఏటా పుంగనూరు కుర్రాళ్ళను బస్సెక్కించి మదనపల్లె తీసుకుపోయి, అక్కడి కుర్రాళ్ళతో దొర పేరు మీద ఒక ఆట ఆడించేవాడు. చూసేవాళ్ళు తగ్గిపోయారు. గ్రౌండువాళ్ళు వచ్చే ఏడాది నుంచి గ్రౌండు ఇవ్వలేం అంటున్నారు, క్రికెట్టు టోర్నమెంటు ఉందట. పేపర్లో దొర గురించి పడితే నలుగురు వస్తారు, నలుగురు వస్తే గ్రౌండు ఉంటుంది. అది ఆయన ఆశ.

"దొర గొప్పోడు అనేదానికి ఏమైనా ఉండాదా సార్?" అన్నాను. అప్పటికే బూతులో ఫోను కోసం నలుగురు నిలబడి ఉన్నారు.

"ఇంగ్లాండు దేశం తరపున ఆడినాడు. ఆడినందుకు వాళ్ళు టోపీ పెట్టినారు."

"కప్పా సార్?"

"కప్పు కాదప్పా. క్యాపు. టోపీ. ఒక ఆటకు ఒక టోపీ."

"ఇంగ్లాండోళ్ళు టోపీ పెట్టినారా? వాళ్ళ మనిషికేనా?"

"వాళ్ళ మనిషికి కాకుండా మనకు పెడతారా?"

"మనకూ పెట్టినారు కద సార్, రెండు నూర్ల ఏండ్లు!" అన్నాడు వరసలో ఉన్న ఒకాయన. బూతు బూతంతా ఘొల్లుమంది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

సారు కూడా కొంచెం నవ్వాడు. అరచెయ్యి నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. "ఆ టోపీని నేను కండ్లారా చూసినా. నీలం మఖమల్ గుడ్డ, వెండి కుచ్చు. మేము గెలిచిన ఒక పొద్దు దొర ట్రంకుపెట్టెలోంచి తీసి ఈ నెత్తిన ఒక నిమిషం పెట్టినాడు" అన్నాడు. తర్వాత మా నవ్వు తగ్గేదాకా ఆగి, "నవ్వినారు కదా. ఇంగొంచెం ఉండాది, అదీ రాసుకో" అన్నాడు.

"చాలు సార్, నాకు కావాల్సింది దొరికింది" అన్నాను. ఫోను కూడా మోగింది. ఆయన కాసేపు ఉండి వెళ్ళిపోయాడు.

నా చేతి కింద దేశదేశాలకు పోయే ఫోను ఉంది. ఏ బెంగళూరు స్పోర్ట్సు విలేకరికో ఒక్క ఫోను కొట్టి, ఆటగాళ్ళకు టోపీ ఇవ్వడం ఉందా అని అడిగి ఉంటే అర నిమిషంలో తేలేది. అడగలేదు. తేలితే వార్తలో పస పోతుంది.

'దొరకు టోపీ పెట్టిన ఇంగ్లాండు' అని పడింది. హెడ్డింగు డెస్కువాళ్ళు పెట్టారని తర్వాత చాలాకాలం అందరికీ చెప్పాను. పెట్టింది నేనే. మోకాలు పగిలిన ఒక ముసలి దొర అమాయకపు హాస్టలు పిల్లల ముందు కోతలు కోశాడనీ, అందులో ఒక పిల్లవాడు డెబ్బై ఏళ్ళొచ్చినా ఆ టోపీ తీయలేదనీ రాశాను. చదివితే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంత బాగా రాశాను, అదే నా ఖర్మ.

సారు కోరుకున్నట్టే మదనపల్లె గ్రౌండు ఆ ఆదివారం కిటకిటలాడింది. మార్కెట్ యార్డు నుంచి హమాలీలు వచ్చారు, ఆటోవాళ్ళు వచ్చారు, పట్టు మగ్గాల వాళ్ళు వచ్చారు. సగం మంది నెత్తిన కాగితం టోపీలు ఉన్నాయి. పిల్లలు పడవలు చేసినట్టు మడిచారు. దగ్గరికి పోయి చూస్తే నా పేజీ.

ఇక్కడిదాకా చెప్పడం కష్టం కాలేదు. ఇక మీదటిది నేను ఇంతవరకూ నా భార్యకు కూడా చెప్పలేదు.

ఇద్దరు కుర్రాళ్ళు నా దగ్గరికి వచ్చి, "అన్నా, సారుకు ఒకటి పెడతాం, కొంచెం మాటల్లో పెట్టు" అన్నారు. నేను కెమెరా తీసుకుని సారు ముందుకు పోయాను. "సార్, ఒక ఫోటో. ఇట్లా తిరగండి. కదలొద్దు" అన్నాను. ఆయన సంబరంగా చొక్కా సర్దుకున్నాడు. విజిల్ మెడలో సరిగ్గా కనబడేట్టు మధ్యకు జరుపుకున్నాడు. కదలకుండా నిలబడ్డాడు. వెనక నుంచి కుర్రాడు వచ్చి కాగితం టోపీ నెత్తిన పెట్టాడు. నేను నొక్కాను.

గ్రౌండంతా ఈలలు. ఆయన చెయ్యి మెల్లిగా పైకి పోయింది, ఎప్పుడూ నడినెత్తిన ఆనించే చోటికి. అక్కడ కాగితం తగిలింది. తీశాడు. మడతలు విప్పాడు. చూపు ఆనక కాగితం దూరంగా పట్టుకుని చదివాడు. మొత్తం చదివాడో లేదో నాకు తెలియదు, నేను కెమెరాలో రీలు చూసుకుంటున్నట్టు తల వంచుకున్నాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని విజిల్ ఊదాడు. "ఆట మొదలుపెట్టండి నాయనా" అన్నాడు.

ఆట జరిగింది. ఎవరు గెలిచారో గుర్తులేదు. తిరుగు బస్సులో నా పక్క సీటే ఖాళీగా ఉంటే వచ్చి కూర్చున్నాడు. పుంగనూరు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ, దిగే ముందు ఒక్క మాట అడిగాడు. "ఫోటో బాగా వచ్చినాదా అప్పా?"

వచ్చిందన్నాను. మర్నాడు అది కూడా వేశాం. కింద 'టోపీ సారు' అని నేనే రాశాను.

ఆ తర్వాత ఆయన గ్రౌండుకు రాలేదు. సంతలో, బస్టాండులో, ఆఖరికి రేషన్ షాపు వరసలో కూడా 'టోపీ సారు' అన్న కేక. కొన్ని నెలలకు ఇల్లు ఖాళీ చేసి కుప్పంలో అంగన్వాడీ టీచరుగా ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడని విన్నాను. గోల్‌పోస్టులు తుప్పు పట్టాయి. ఒకటి ఎవరో ఊడదీసుకుని పోయారు.

రెండువేలు దాటాక ఎస్టీడీ బూతులకు కాలం చెల్లింది. నేను రెండు కంప్యూటర్లు కొని ఇంటర్నెట్ సెంటర్ అని బోర్డు మార్చాను. పిల్లలు పరీక్ష ఫలితాల కోసం వచ్చేవారు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, ఊరికే, పాత ఇంగ్లాండు ఫుట్‌బాల్ అని కొట్టాను. ఏవో పేజీలు తిరుగుతుంటే ఒక ఫోటో విచ్చుకుంది. నీలం మఖమల్ గుడ్డ. వెండి కుచ్చు. ముందువైపు జరీతో ఏడాది కుట్టి ఉంది. దేశం తరపున ఆడినవాడికి ఆటకొకటి ఇచ్చే టోపీ అని కింద రాసి ఉంది. దొర ఇంటిపేరు కొట్టి చూశాను. ఒక జాబితాలో ఒక్క వరస. పేరు, లెఫ్ట్ హాఫ్, ఆడిన ఆటలు ఒకటి.

ఒకటి అన్న ఆ అంకెను చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. బూతులో ఘొల్లుమన్న నవ్వు మళ్ళీ వినిపించింది, అందులో నా నవ్వు విడిగా వినిపించింది.

ఆ రెండు కాగితాలు ప్రింటు తీసుకున్నాను. తీసుకుని ఏం చేశానంటే, సొరుగులో పెట్టాను. కుప్పం ఏమంత దూరం కాదు, పలమనేరులో బస్సు మారి, బైరెడ్డిపల్లె, వి.కోట మీదుగా పోతే భోజనాల వేళకు చేరొచ్చు. నాకు ఏడాది పట్టింది.

వీధిలో వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కళ్ళకు శుక్లాలు, ఒళ్ళు సగమైంది. నెత్తి మాత్రం అట్లాగే నున్నగా. "నమస్కారం సార్" అన్నాను. పేరు చెప్పే లోపలే, "సున్నం బకెట్టు కదా నువ్వు?" అన్నాడు.

చెప్పులు విడిచి దగ్గరికి వెళ్ళాను.

"గొంతు మరవను. కూచో నాయనా. అమ్మా, పుంగనూరు నుంచి మన పిల్లోడు వచ్చినాడు, కాఫీ పెట్టు" అని లోపలికి కేకేశాడు. తర్వాత నా వైపు తిరిగి, "నీ మాదిరి గీత గీసినోడు నాకు మల్లా దొరకలేదప్పా" అన్నాడు.

"నన్ను ఆటలోకి తీసుకోలేదు గదా సార్" అన్నాను. నలభై ఏళ్ళ మనిషిని, ఆ మాట నా నోట ఎట్లా వచ్చిందో.

"ఆడేవాళ్ళు శానామంది ఉండారు. గీత వంకరైతే ఆటంతా అబద్ధమైపోతాది. తిన్నగా గీసేవోడు ఒకడే ఉండె. అందుకే నీకిచ్చినా."

క్షమించండి అని చెప్పడానికి వచ్చినవాణ్ణి. ఆ మాట అనలేదు. దానికి బదులు జేబులోంచి కాగితాలు తీసి ఆయన చేతిలో పెట్టాను. కంటికి ఆనించుకుని చూశాడు, ఆ నీలం రంగు మాత్రం ఆనినట్టుంది. వేళ్ళతో కుచ్చు ఉన్నచోట తడిమాడు.

"ఇదే" అన్నాడు. కాగితం మీద నుంచి తల ఎత్తి, "ఇది నాకు యాల సూపిస్తాండావప్పా? నేను సూడనిదా?" అన్నాడు.

నిజమే. ఆ కాగితం అక్కర్లేని మనిషి ఈ లోకంలో ఆయన ఒక్కడే.

"ఆ పొద్దు ఇంగొంచెం ఉండాదంటిని. నువ్వు వినలేదు" అన్నాడు. అప్పుడు చెప్పాడు. దొర తెలుగు కొత్తగా నేర్చుకున్న రోజుల్లో హాస్టలు వంటింట్లో గర్వంగా అన్నాడట, ఇంగ్లాండు నాకు టోపీ పెట్టింది అని. వంటమనిషి గరిటె కింద పడేసి నవ్వాడట. యాల నవ్వుతావని దొర పట్టుబడితే, మన భాషలో ఆ మాటకు అర్థం ఇదీ అని భయపడుతూ చెప్పారు. దొర మోకాలు రుద్దుకుంటూ ఆలోచించి, తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడట. "రెండూ నిజమేలే అప్పా అన్నాడు మా దొర. ఆడినప్పుడు ఒక టోపీ పెట్టినారు, కాలు ఇరిగినప్పుడు ఇంగో టోపీ పెట్టినారు. రెండూ నిజమే. అప్పట్నుంచి ఆ మాట మార్చొద్దన్నాడు. నేనెట్లా మారుస్తా?"

నేను హాస్యం అనుకుని తుంచుకుపోయిన మాటలో మిగతా సగం అది. నాకంటే ముందే, నాకంటే బాగా, ఆ దొరే నవ్వేసి పెట్టాడు. ఆ ఉదయం ఫోను పక్కన పెట్టి ఇంకో నిమిషం కూర్చుని ఉంటే నేను రాసిన వాటన్నిటిలోకీ మంచి వార్త అయ్యేది.

కాఫీ తాగాను. బయల్దేరుతుంటే కాగితాలు తిరిగి నా చేతికే ఇచ్చాడు. "నాకు పెట్టి ఏం లాభం? పేపర్లో వెయ్యి. నా గురించి ఒద్దు. దొరకు టోపీ ఉండిందని, మన పిల్లోళ్ళు చూసినారని, రెండు ముక్కలు."

"రాస్తాను సార్" అన్నాను.

"తిన్నగా రాయి" అన్నాడు, నవ్వుతూ.

రాయలేదు. రెండుసార్లు మొదలుపెట్టాను. అప్పుడు నేను రాసింది తప్పు అని మొదటి వాక్యం రాయకుండా మిగతాది నిలబడదు. అప్పటికి నేను మదనపల్లె సభల్లో వేదిక ఎక్కే మనిషినైపోయాను, కొత్త విలేకరులు నా చేత శాలువాలు కప్పించుకునేవారు. డెస్కువాళ్ళు ఇంత పాత సంగతి వేయరులే అని నాకు నేనే చెప్పుకున్నాను. డెస్కును అడగలేదు. అసలు భయం వేరే. నలుగురూ నవ్వుతారని. నా నెత్తిన కూడా ఎవరో వెనక నుంచి వచ్చి ఒక కాగితం టోపీ పెడతారని.

మూడేళ్ళు గడిచాయి. తర్వాత ఆ నాలుగు లైన్ల వార్త వచ్చింది.

పదకొండో రోజుకు కుప్పం వెళ్ళాను. కూతురు గుర్తుపట్టింది. ఫోటోకు దండ వేసి ఉంది. ఆ పక్కన మూలలో పాత పేపర్ల దొంతర, పైకప్పు అంటేలా.

"ఈ పేరు... టోపీ సారు అని పేపరువాళ్ళకు ఎవరు చెప్పారమ్మా?" అన్నాను.

"నేనే చెప్పినా అన్నా. ఆయన్ను ఈడ పిల్లోళ్ళంతా అట్లే పిలుస్తారు. మా పుంగనూరోళ్ళు నాకు పెట్టిన పేరు అని ఆయనే చెప్పుకొనేటోడు."

నేను ఫోటో వైపు చూడలేదు. పేపర్ల వైపు చూశాను. ఆమె నా చూపును చూసింది.

"మీరు వచ్చి పోయినంక మొదలుపెట్టినాడు అన్నా. పొద్దున్నే బస్టాండు నుంచి తెప్పిచ్చేటోడు. కండ్లు లేవు కదా, నేను చదవాల. జిల్లా పేజీ మొదులు నుంచి కడదాకా. చచ్చిపోయినోళ్ళ పేర్లు, టమోటా ధరలు, అన్నీ. నేను తొందరలో ఏడన్నా దాటేస్తానని, మల్లా ఒకసారి సూడమ్మా అనేటోడు. మా పిల్లోడు రాస్తానన్నాడు, తిన్నగా గీసేవోడు, మాట తప్పడు అనేటోడు."

నేను నేల మీదే కూర్చున్నాను.

"ఏడాదిన్నర చదివినా. ఒక పొద్దు బందు జరిగి బస్సులు రాలేదు, పేపరు రాలేదు. ఆ పొద్దు సాయంత్రం, ఈ పొద్దే వచ్చుంటాదిలేమ్మా అన్నాడు. ఆ మరుసటి నాటి నుంచి చదవమని అడగలేదు. పేపరు మాత్రం మాన్పించలేదు." ఆమె చాలా మామూలుగా, ఏదో బస్సు టైము అడిగినట్టు అడిగింది. "వచ్చినాదా అన్నా, ఆ పొద్దు?"

ఆమె ముఖం నా ముందు ఉంది. తండ్రి ముఖమే, కళ్ళు మాత్రం తేటగా.

"వచ్చిందమ్మా" అన్నాను.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆయన కరెక్టుగానే సెప్పినాడు సూడు" అని నవ్వింది. "ఒక కాపీ ఉంటే పంపన్నా. ఫోటో పక్కన పెట్టుకుంటా."

పంపుతానన్నాను. బస్సులో వి.కోట దాటేదాకా నేను చేసింది ఏమిటో నాకు పూర్తిగా తెలియలేదు. తండ్రికి అందరిముందు టోపీ పెట్టాను. కూతురికి ఆయన ఫోటో ముందు పెట్టాను.

అందుకని ఇప్పుడు రాస్తున్నాను. దొరకు ఇంగ్లాండు టోపీ పెట్టింది. నీలం మఖమల్ గుడ్డ, వెండి కుచ్చు. మదనపల్లెలో ఒక సాయంత్రం అది మా సారు నెత్తిన ఒక నిమిషం ఉంది. ఆయన చెప్పిందంతా నిజం. నేను రాసింది తప్పు, తెలిసి చేసింది అంతకంటే తప్పు.

ఆమెకు పంపడానికి నా దగ్గర వేరే కాపీ ఏదీ లేదు. ఇదే పంపుతున్నాను. చదివితే బందు రోజు పేపర్లో ఏమీ రాలేదని తెలిసిపోతుంది. ఫోటో పక్కన పెట్టుకుంటుందో, పొయ్యిలో పెడుతుందో ఆమె ఇష్టం.